బొంత: అల్పశ్రమలో అనల్పశోభ

ద్వారక అన్న పేరు వినగానే తెలుగు పాఠకుని స్మృతిలో మెదిలే ఘట్టాలలో కుచేలోపాఖ్యానం ఒకటి. పోతన భాగవత దశమస్కంధంలో ఆ పేదవిప్రుడు చిరిగిన వస్త్రపు కొంగున పిడికెడు అటుకులు ముడివేసుకొని శ్రీకృష్ణుని నగరికి వెళ్తాడు. కుచేలుడు అన్నది ఆయనకు పేదరికం పెట్టిన పేరు. ‘చేలము’ అంటే వస్త్రం. ‘కుచేలుడు’ అంటే మంచి బట్ట లేనివాడు. ఆ ముడిని విప్పినవాడు చింపిరిగుడ్డను చూచి మొగం తిప్పుకోలేదు. ఈ విధంగా మన సాహిత్యంలో జీర్ణవస్త్రానికి రాజసభలో గౌరవం దక్కిన చోటు ద్వారక అయింది. ఆ నగరాన్ని నిర్మించినవాడు దేవశిల్పి విశ్వకర్మ అని పురాణం చెబుతుంది.

ఢిల్లీ నగరానికి నైరుతి దిక్కున పాలం పరిసరాలలో వెలసిన నేటి ద్వారక పురాణనగరం కాదు. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ సెక్టార్లుగా విభజించి నిర్మించిన ఉపనగరం అది. సహకార సంఘాల బహుళ అంతస్తుల భవనాలు, వాటి నడుమ మిగిలిన పాత పల్లెలు, 2005 డిసెంబరు 31 నుంచి నడుస్తున్న మెట్రో రైలు దాని ముఖ్యలక్షణాలు. అయినప్పటికీ పేరులోని పోలిక ఒకనాడు విచిత్రంగా సార్థకమైంది. 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతినాడు, ద్వారకలోని యశోభూమి ప్రాంగణంలో ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం ప్రారంభమైంది. చేతితో, పనిముట్టుతో జీవించే పద్దెనిమిది వృత్తులవారికి గుర్తింపు పత్రం, శిక్షణ, పనిముట్ల కొనుగోలుకు రూ. 15,000 వరకు సహాయం, అయిదు శాతం వడ్డీపై రెండు విడతలుగా మూడు లక్షల రూపాయల వరకు రుణం అందించటం దాని ఉద్దేశం.

ఆ పద్దెనిమిది వృత్తులలో వడ్రంగి ఉన్నాడు, కుమ్మరి ఉన్నాడు, దర్జీ ఉన్నాడు. బుట్టలు, చాపలు, చీపుళ్ళు అల్లేవారు, పూలదండలు కట్టేవారు కూడ ఉన్నారు. బొంత కుట్టే స్త్రీ పేరు మాత్రం అందులో విడిగా కనిపించదు. సూది పట్టినది కనుక ఆమెను కూడ దర్జీ పద్దులో చేర్చవచ్చునని ఎవరైనా అనవచ్చు. కాని దర్జీ కొత్త బట్టను మనిషి కొలతకు కత్తిరిస్తాడు. బొంత కుట్టే స్త్రీ పాతబడి పనికిరాదనుకొన్న బట్టకు కొత్త ఆయువు పోస్తుంది. ఈ రెండు పనులకూ సూది సమానమే గాని బుద్ధి సమానం కాదు. పేరు లేని పనికి పద్దు లేదు, పద్దు లేని పనికి విమర్శ లేదు. బొంతను కళగా పరిశీలించే విమర్శ తెలుగులో ఇంతవరకు ఎందుకు బలపడలేదన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడి నుంచే వెదకవలసి ఉన్నది.

నుడికారం చేసిన అన్యాయం

తెలుగు భాష బొంతకు ఉదారంగా ప్రవర్తించలేదు. పొందిక లేని నివేదికను, పొసగని రాజకీయ కూటమిని, అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క తెచ్చి కూర్చిన గ్రంథాన్ని ‘అతుకుల బొంత’ అని తీసిపారేయటం మన పత్రికలకూ కార్యాలయాలకూ అలవాటు. ‘గంతకు తగ్గ బొంత’ అన్న సామెతలోనూ ఎగతాళి ధ్వనియే ప్రధానం. వీటన్నింటిలో అతుకు అన్నది దోషానికి పర్యాయపదం. నిజానికి బొంతలో అతుకు దోషం కాదు, అది నిర్మాణసూత్రం. అతుకు సరిగా లేని బొంత రెండు చలికాలాలకు మించి నిలువదు. పొందిక లేని రచనకు బొంతతో పోలిక కట్టినవారు బొంతను చూచి ఉండవచ్చు, పరిశీలించి మాత్రం ఉండరు.

చరిత్రను కొంచెం వెనుకకు తిరిగి చూచినపుడు అతుకుకు ఎంతో మర్యాద కనిపిస్తుంది. బౌద్ధ వినయపిటకంలోని చీవరస్కంధకం ప్రకారం, మగధలో గట్లతో విభజింపబడిన వరిమళ్ళను చూపి, భిక్షువుల చీవరాన్ని ఆ తీరున కూర్చగలవా అని బుద్ధుడు ఆనందుని అడిగాడు. ఆనందుడు ముక్కలను పొలం గట్ల వలె అమర్చి కుట్టాడు. దుమ్ముకుప్పల నుంచి ఏరి తెచ్చిన పాంసుకూలపు పీలికలు కూడ ఆ వస్త్రానికి పనికివచ్చేవి. ముక్కలు చేయటం వలన బట్టకు అమ్మకపు విలువ పోతుంది. క్రమంగా అమర్చటం వలన దానికి శోభ వస్తుంది. లోభాన్ని తొలగించి అందాన్ని నిలిపిన ఈ యుక్తి సామాన్యమైనది కాదు. అమరావతి, నాగార్జునకొండ విహారాలలో భిక్షుసంఘాలు నడయాడిన ఆంధ్రదేశానికి అతుకు ఒకనాడు సంయమానికి గుర్తు. సంస్కృతంలోని ‘కంథ’ అన్న మాటకు బొంత అనియే అర్థం. వంగదేశపు ‘కాంథా’ ఆ మాటకు దగ్గరి చుట్టం.

మన పల్లెలలో బొంత తయారయ్యే తీరు అందరికీ తెలిసినట్లే ఉంటుంది గాని, అందులోని వివేకాన్ని గమనించేవారు తక్కువ. పాత నూలుచీరలు, పంచెలు, దుప్పట్లు పొరలు పొరలుగా పరుస్తారు. బాగా నలిగి పలుచబడిన బట్ట నడిమి పొరకు పోతుంది. గట్టిది అడుగున ఉంటుంది. రంగు చెడనిది పైకి వస్తుంది. చీర అంచు బొంతకు అంచు అవుతుంది. దబ్బనంతోనో పొడుగు సూదితోనో ముందుకు సాగే సాదా కుట్టు ఒక్కటే ఉంటుంది. అల్లికలు లేవు, ముడులు లేవు. కుట్టు వరుసలు సమాంతరంగా గాని, అంచు నుంచి నడిమికి చతురస్రాలుగా గాని సాగుతాయి. ఆ వరుసల ఒత్తిడికి బట్ట అలలు అలలుగా లేచి, నీడలు పట్టి, నేసిన బట్టకు లేని ఒక మేనితీరు వస్తుంది. ఊరూరా తిరుగుతూ వాకిటి అరుగుపై కూర్చొని బొంతలు కుట్టిపెట్టే స్త్రీలు తెలుగు గ్రామజీవనంలో భాగం. పురిటింటి పొత్తిళ్ళకు అమ్మమ్మ చీరను మించిన మెత్తన లేదన్నది అనుభవం చెప్పిన శాస్త్రం.

కుట్టులోని గణితం

ఎక్కువ శ్రమపడినదే గొప్ప కళ అన్న అభిప్రాయం మన హస్తకళా విమర్శలో లోతుగా నాటుకొన్నది. ఇన్ని నెలలు పట్టింది, అంగుళానికి ఇన్ని కుట్లు పడ్డాయి అన్న లెక్కలతో వస్తువును తూచటం ప్రదర్శనశాలల్లో పరిపాటి. బొంత ఈ కొలబద్దను ప్రశ్నిస్తుంది. అతి తక్కువ కుట్టుతో, అతి తక్కువ కాలంలో, చూపరులను నిలువరించే శోభను సాధించటం దాని విశిష్టత.

చదరంగపు బల్ల వంటి బొంతను ఉదాహరణగా తీసుకొనవచ్చు. వరుసకు ఎనిమిది చొప్పున అరవైనాలుగు గళ్ళు కావాలి. ఒక్కొక్క గడిని విడివిడిగా కత్తిరించి అతికినట్లయితే వరుసకు ఏడు చొప్పున యాభైయారు చిన్న అతుకులు, తరువాత వరుసలను కలిపే ఏడు పొడుగు అతుకులు, మొత్తం అరవైమూడు కుట్లు వేయాలి. అట్లా కాక నాలుగు తెల్లని, నాలుగు నల్లని పొడుగు పట్టీలను ఒకటి విడిచి ఒకటిగా చేర్చి ముందు ఏడు కుట్లతో ఒక చారల బట్టగా కలపవచ్చు. ఆ బట్టను అడ్డంగా ఎనిమిది పట్టీలుగా కత్తిరించి, ఒకటి విడిచి ఒకదానిని తలక్రిందులుగా తిప్పి, మళ్ళీ ఏడు కుట్లతో కలిపితే అవే అరవైనాలుగు గళ్ళు సిద్ధమవుతాయి. మొత్తం పద్నాలుగు కుట్లు! కుట్టు తగ్గినా గళ్ళ సంఖ్య తగ్గలేదు. పైగా మూలలు మరింత చక్కగా కలుస్తాయి. చేతిపనిలో దాగిన ఆలోచనకు ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

త్రికోణాల సంగతి కూడ ఇటువంటిదే. ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ చేతిలో సాగిపోతుంది కనుక త్రికోణాన్ని అతకటం కష్టమని దర్జీలకు తెలుసు. అందువలన ముందుగా రెండు రంగుల చదరాలను ఒకదానిపై ఒకటి పరచి, కర్ణరేఖ గీచి, గీతకు ఇరువైపులా పావంగుళం దూరాన కుట్టి, ఆ తరువాత గీత వెంట కత్తిరిస్తారు. ఒక్క కోతతో రెండు ద్వివర్ణ చదరాలు వస్తాయి. కత్తిరించి కుట్టటం లోకరీతి; కుట్టి కత్తిరించటం ఇందలి యుక్తి.

ఫ్లోరిడాకు చెందిన సెమినోల్ ఆదివాసి స్త్రీలు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలోనే చేతితో త్రిప్పే కుట్టుమిషనుపై ఇటువంటి పట్టీల పనితో సంక్లిష్టమైన అంచులను సృష్టించారు. అమెరికాలో ఎలెనార్ బర్న్స్ 1978లో తానే ప్రచురించుకొన్న పుస్తకం, ఒక్క రోజులో బొంత పూర్తిచేయవచ్చునని సామాన్య గృహిణులకు నేర్పింది. 1979లో జపాను సంస్థ ఓల్ఫా తెచ్చిన, చక్రం వలె దొర్లే కత్తి ఒకేసారి అనేక పొరలను కోయగలిగి ఈ పద్ధతికి వేగం తెచ్చింది. ఆ పుస్తకం ఎన్నుకొన్న ‘లాగ్ క్యాబిన్’ అమరికలో నడుమ ఒక చిన్న చదరం, దాని చుట్టూ మెట్లుమెట్లుగా పెరిగే పట్టీలు, ఒక సగం లేతరంగు, మరో సగం ముదురురంగు, ఇంతే ఉంటుంది. నలభై యాభై చదరాలను అటూ ఇటూ త్రిప్పి పేర్చినపుడు మాత్రం దుక్కిచాళ్ళు, వజ్రాలు, మెరుపుతీగలు వాటంతట అవే పుట్టుకొస్తాయి. శోభ కుట్టులో లేదు, అమరికలో ఉన్నది. ముగ్గు పెట్టే తెలుగు స్త్రీకి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు; చుక్కలు సరిగా పడితే గీత తన దారి తానే వెదుక్కొంటుందని ఆమెకు తెలుసు.

యంత్రం వచ్చినంత మాత్రాన కళ పోతుందన్న వాదానికి కూడ ఇక్కడ సమాధానం దొరుకుతుంది. యంత్రాలను అంత తీవ్రంగా ప్రశ్నించిన గాంధీజీ 1924లో రామచంద్రన్‌తో జరిపిన సంభాషణలో సింగర్ కుట్టుమిషనును మినహాయింపుగా పేర్కొన్నారు. మనిషి శ్రమను తేలికపరచాలన్న ప్రేమ ఆ యంత్రం పుట్టుకలో ఉన్నదని ఆయన భావం.

పరాయి గోడ, మన మంచం

బొంతను లోకం కళగా గుర్తించిన తీరు పరిశీలించదగినది. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం అమెరికన్ బొంతలను గోడలకు వ్రేలాడదీసి, నైరూప్య చిత్రాలను చూచినట్లుగా చూడమని ప్రేక్షకులను ఆహ్వానించింది. అందరూ మెచ్చుకొన్నారు. కాని కుట్టిన స్త్రీలను పేరులేనివారిగా మిగిల్చి వస్తువును మాత్రమే మెచ్చుకోవటం న్యాయమా అని పెట్రీషియా మైనార్డి 1973లో ప్రశ్నించారు. 2002లో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే మారుమూల పల్లె బొంతలు ముందు హ్యూస్టన్‌లోనూ, తరువాత విట్నీలోనూ ప్రదర్శితమైనపుడు ఆ లోటు కొంత తీరింది. బానిసల సంతతికి చెందిన నల్లజాతి స్త్రీలు పొలంపనిలో చివికిన దుస్తులతో కుట్టిన ఆ బొంతల ప్రక్కన వారి పేర్లు, వారి మాటలు నిలిచాయి. 2006లో అమెరికా తపాలాశాఖ వాటిని బిళ్ళలుగా ముద్రించింది.

మన దేశానికి ఈ చూపు కొత్తది కాదు. పదహారు, పదిహేడు శతాబ్దాలలో వంగదేశపు కుట్టుపని దుప్పట్లు పోర్చుగీసు వర్తకుల ద్వారా ఐరోపాకు చేరాయి. స్టెల్లా క్రామ్రిష్ 1939లోనే కాంథాపై వ్యాసం వ్రాసి, చింపిరిగుడ్డల కలయికలో ఒక తాత్త్విక దృష్టిని చూపారు. బీహారు సుజనీ, బెంగాలు నక్షీ కాంథా, కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుపని భౌగోళిక సూచికల పట్టికలో చేరాయి. 2023లో కాంథాకు ప్రీతికణా గోస్వామి, 2025లో సుజనీకి నిర్మలాదేవి పద్మశ్రీ పురస్కారం పొందారు.

వీటితో పాటు ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీల ‘కవందీ’ని తప్పక పేర్కొనాలి. ఆఫ్రికా మూలాలు గల ఆ స్త్రీలు గుడ్డముక్కలను అంచు నుంచి మొదలుపెట్టి నడిమికి చేర్చుకొంటూ సాదా కుట్టుతోనే బొంతను నింపుతారు. చివరకు నాలుగు మూలలా మడతపెట్టిన త్రికోణపు గుడ్డలను ‘ఫుల’ అన్న పేరుతో కుట్టకపోతే ఆ బొంత వస్త్రహీనమైనట్లే వారు భావిస్తారు. అవసరానికి అక్కరలేని ఆ నాలుగు పూలే వాడుకవస్తువును కళగా మారుస్తున్నాయి.

తెలుగునాట లంబాడీ తండాలలోనూ గుడ్డముక్కల అతుకులు, అద్దాలు, దట్టమైన కుట్లు కలిసిన పని తరతరాలుగా ఉన్నది. సాదా తెలుగు బొంతకు మాత్రం గోడ దొరకలేదు. అది మంచం మీదనే ఉండిపోయింది. మంచం మీద ఉండటం అవమానం కాదు. అయితే మంచం మీదిది చినిగిపోయిన తరువాత దాని జ్ఞాపకమైనా మిగలాలి గదా!

నరసాపురం నేర్పిన పాఠం

ఈ నిర్లక్ష్యానికి కారణం సౌందర్యదృష్టి లోపం ఒక్కటే కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతపు లేసుపనిపై మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం ఈ సందర్భంలో జ్ఞాపకం చేసుకోదగినది. వేలాది స్త్రీలు రోజంతా అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అవుతూ ఉండగా, ఆ స్త్రీలను మాత్రం తీరికవేళ పొద్దుపుచ్చుకొనే గృహిణులుగానే లెక్కించారని ఆమె నిరూపించారు. శ్రామికురాలు అన్న పేరు లేదు కనుక శ్రమకు తగిన ధర లేదు. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక సూచిక లభించింది. అధ్యయనానికీ గుర్తింపుకూ నడుమ గడచిన కాలం నలభై రెండు సంవత్సరాలు.

బొంత స్థితి ఇంతకంటె దిగువన ఉన్నది. లేసుకు ఎగుమతి బజారైనా ఉండేది. బొంత ఇల్లు దాటలేదు. తెలంగాణలో మేరవారి వృత్తికి కులనామం ఉన్నది, దుకాణం ఉన్నది, జాబితాలో స్థానం ఉన్నది. బొంత కుట్టటం మాత్రం ‘ఊరికే కూర్చోక’ చేసే పనిగా మిగిలిపోయింది. సంక్షేమ పథకాలలో కుట్టుమిషను పేదస్త్రీకి ఇచ్చే ఉపకారంగా చాలాకాలం నుంచి ఉన్నది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ వంటివారు మద్రాసులో ఆంధ్ర మహిళా సభ నాటి నుంచి స్త్రీల చదువునూ చేతిపనినీ ఒకే సాధనకు రెండు చేతులుగా భావించారు. తరువాతి ఆచరణలో మిషను అందింది గాని, ఆ మిషనుపై కుట్టినదానిని కళగా చూచే కన్ను అందలేదు.

సులభత్వానికి హద్దు

సులభపద్ధతిని సమర్థించినంత మాత్రాన దాని పేరుతో వచ్చే ప్రతి వస్తువునూ మెచ్చుకోనక్కరలేదు. త్వరితపద్ధతిలో ఒక ప్రమాదం ఉన్నది. కొలతలు, పట్టీలు, రంగుల జోడింపు కూడ ముందే నిర్ణయమై వచ్చినపుడు కుట్టేవారి నిర్ణయానికి చోటు ఉండదు. వేయి ఇళ్ళలో ఒకే బొంత తయారవుతుంది. కొత్త బట్టను కొని, ముక్కలు చేసి, మళ్ళీ అతకటంలో నేర్పు ఉండవచ్చు గాని బొంత నీతి లేదు. ఇక అతుకుల బొమ్మను బట్టపై అచ్చువేసి అమ్మే దుప్పట్లు అటు అతుకూ కావు, ఇటు బొంతా కావు.

అందువలన విమర్శకునికి మూడు ప్రమాణాలు అవసరం. మొదటిది వెలుగునీడల పొందిక: దూరం నుంచి చూచినపుడు లేతరంగులు, ముదురురంగులు ఒక రూపాన్ని కట్టాలి. రెండవది బట్ట చరిత్ర: ఏ ముక్క ఏ చీరదో చెప్పగల బొంతకు కొత్త బట్ట ఇవ్వలేని లోతు ఉంటుంది. మూడవది మన్నిక: ఉతుకుకు నిలువని శోభ బొంతకు శోభ కాదు. కుట్టటానికి పట్టిన గంటల లెక్క ఈ మూడింటిలో లేదు.

ఈ ప్రమాణాలను ఆచరణలో పెట్టటానికి ద్వారక అనువైన చోటు. ఢిల్లీ చలికి రజాయి లేని ఇల్లు ఉండదు. నగరానికి మరోవైపు మంగోల్‌పురీలో దర్జీల, కర్మాగారాల కత్తిరింపు ముక్కలు, అంటే హిందీవారి ‘కతరన్’, తూకానికి అమ్ముడవుతాయి. ఉత్తరాన పానిపట్టు పాత ఉన్ని దుస్తులను పీచుచేసి, మళ్ళీ నూలుగా వడికి కంబళ్ళు నేసే కేంద్రంగా ప్రపంచప్రసిద్ధి పొందింది. యంత్రం అక్కడ పాతబట్ట గుర్తును పూర్తిగా చెరిపివేస్తుంది. బొంత ఆ గుర్తును నిలుపుకొంటుంది. ఈ భేదం పర్యావరణ దృష్టికే కాక సాంస్కృతిక దృష్టికీ ముఖ్యమైనది. ఉద్యోగరీత్యా దేశం నలుమూలల నుంచి వచ్చినవారు నివసించే ఇటువంటి ఉపనగరంలో ఒకే అంతస్తులో కాంథా, సుజనీ, గోధడీ, బొంత అన్న నాలుగు పేర్లు వినిపించటానికి అవకాశం ఉన్నది. పేర్లు వేరైనా కుట్టు ఒక్కటే అన్న సత్యం పుస్తకం కంటె అక్కడ సులభంగా తెలుస్తుంది.

ప్రభుత్వ సంస్థలు ఈ విషయంలో చేయదగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. హస్తకళల గణనలో బొంతపనికి విడిగా ఒక వరుస కేటాయించటం, ప్రాంతీయ మ్యూజియంలు వాడిన బొంతలను కుట్టినవారి పేరు, ఊరు, బట్టల వివరంతో సేకరించటం, కుట్టు శిక్షణ పాఠ్యక్రమంలో జాకెట్టు, లంగాలతో పాటు పట్టీల పద్ధతిని చేర్చటం వెంటనే సాధ్యమయ్యేవి. అన్నింటికంటె ముందు మన విమర్శభాష ‘అతుకుల బొంత’ అన్న నిందను విడిచిపెట్టాలి. అతుకులు కనిపిస్తూనే ఒకటిగా నిలిచినదానికి ఆ పేరు గౌరవవాచకం కాదగినది. భిన్నభాషల, భిన్నప్రాంతాల కలయికగా చెప్పుకొనే దేశానికి అంతకంటె తగిన ఉపమానం దొరకటం కష్టం.

పురాణద్వారకలో చింపిరిగుడ్డలోని అటుకులకు విలువ కట్టినవాడు ముందు ఆ ముడిని విప్పి చూచాడు. విశ్వకర్మ పేరిట పథకం వెలసిన నేటి ద్వారకలోనూ మొదట జరగవలసినది అదియే. మడతపెట్టి అటకపై పెట్టిన బొంతను ఒకసారి క్రిందికి దింపి, వెలుతురులో పరచి చూడాలి. విలువ కట్టే పని ఆ తరువాతిది.